మారుమనస్సు, రక్షణ

క్రైస్తవ విశ్వాసం ప్రకారం రక్షణ అంటే పాపం నుంచి, పాపం తెచ్చిపెట్టే మరణం నుంచి దేవుడు మనిషిని విడిపించడం. ఆ పని దేవునిదే. అందుకోసం యేసుక్రీస్తు సిలువమీద మరణించి మూడవ దినాన తిరిగి లేచాడని సంఘం బోధిస్తుంది. ఆ విడుదల అందుకునే మనిషిలో జరగవలసినదాన్ని మారుమనస్సు, విశ్వాసం అనే రెండు మాటల్లో చెబుతారు. మార్కు సువార్తలో యేసు బోధ మొదలయ్యేది ఈ రెంటితోనే. మారుమనస్సు పొందినవాడు తన పాపాన్ని పాపమని ఒప్పుకుంటాడు, దానికి దుఃఖపడతాడు, దాన్ని విడిచి దేవుని వైపు తిరుగుతాడు. ఇంతవరకు సంఘాలన్నీ ఒకే మాట మీద ఉంటాయి. చిక్కంతా ఆ తర్వాతి ప్రశ్న దగ్గర వస్తుంది. మనిషి పడిన దుఃఖం, చేసిన ప్రాయశ్చిత్తం దేవుని క్షమాపణకు చెల్లించిన వెలా? లేక వెల లేకుండా దొరికిన క్షమాపణ ఆ మనిషిలో పుట్టించిన మార్పా? సంఘచరిత్రలోని పెద్ద వివాదాలు అనేకం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

ఈ బోధకు వేళ్లు యూదుల లేఖనాల్లో ఉన్నాయి. సమూయేలు రెండవ గ్రంథంలో దావీదు రాజు కథ వస్తుంది. తన సైన్యంలోని ఊరియా భార్య బత్షెబను దావీదు తెప్పించుకున్నాడు. సంగతి బయటపడేటట్టు ఉందని ఊరియాను యుద్ధంలో ముందువరుసకు పంపి చంపించాడు. అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి ఒక కథ చెప్పాడు. ఎన్నో మందలున్న ధనవంతుడు ఒక పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని అతిథికి వండిపెట్టాడట. దావీదుకు కోపం వచ్చింది. అలాంటివాడు చావదగినవాడని, గొర్రెపిల్లకు నాలుగింతలు తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పాడు. ఆ మనిషి నువ్వేనని నాతాను చెప్పినప్పుడు రాజు సాకు వెతకలేదు, ప్రవక్తను చెరలో వేయించలేదు. పాపం చేశానని ఒప్పుకున్నాడు. క్షమాపణ వెంటనే దొరికింది. కాని ఊరియా తిరిగి రాలేదు, దావీదు ఇంటిని కత్తి విడిచిపోలేదు. దేవుడు క్షమించడం వేరు, చేసిన పని ఫలితం తొలగిపోవడం వేరు అన్న సంగతిని బైబిలు ఇక్కడ ఏ మొహమాటమూ లేకుండా చూపింది.

ప్రవక్తలు మరికొంత ముందుకు వెళ్లారు. బట్టలు చింపుకుని బూడిద చల్లుకున్నంత మాత్రాన పని జరగదని వారు మళ్లీ మళ్లీ హెచ్చరించారు. యోనా గ్రంథంలో నీనెవె ప్రజలు గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నారు. అయినా దేవుడు చూసింది వారు చెడునడత మానడాన్ని అని గ్రంథం చెబుతుంది. యూదులు తమ ప్రాయశ్చిత్త దినాన మధ్యాహ్నపు ఆరాధనలో నేటికీ ఆ గ్రంథం చదువుతారు. క్రీస్తుశకం 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మసంహిత మిష్నా ఈ విషయంలో చాలా కచ్చితంగా ఉంటుంది. మనిషికీ దేవునికీ మధ్య జరిగిన పాపాలకు ప్రాయశ్చిత్త దినం చాలు. తోటి మనిషికి చేసిన పాపానికి మాత్రం ఆ మనిషిని ముందు సమాధానపరచుకోవాలి.

బాప్తిస్మమిచ్చు యోహాను యొర్దాను నది దగ్గర బోధించినప్పుడు జనం మేమేం చేయాలని అడిగినట్టు లూకా రాశాడు. యోహాను ఇచ్చిన జవాబులో యాత్ర లేదు, బలి లేదు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలి. సుంకరులు నిర్ణయించినదానికి మించి వసూలు చేయకూడదు. సైనికులు జనాన్ని బెదిరించి డబ్బు గుంజకూడదు. ఎవరి చేతిలో ఏ అధికారం ఉందో అక్కడే వారి మారుమనస్సు కనబడాలన్నమాట.

యేసు బోధలో ఈ కోణం పోలేదు గాని దాని వరస మారింది. లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానాన్ని నిదానంగా చదివితే ఆ మార్పు తెలుస్తుంది. ఆస్తి పంచుకుని దూరదేశం పోయి అంతా తగలేసిన చిన్నకొడుకు పందులు మేపుతూ ఆకలికి మాడిపోయి, తండ్రికి చెప్పవలసిన మాటలు మనసులో కూర్చుకుంటాడు. ఆ మాటల్లో చివరిది కొడుకుగా కాక కూలివాడిగా పెట్టుకొమ్మని అడగడం. తండ్రి మాత్రం వాడు ఇంకా దూరంగా ఉండగానే చూసి పరుగెత్తుకు వెళ్లి మెడమీద పడి ముద్దుపెట్టుకుంటాడు. కొడుకు తప్పు ఒప్పుకోవడం మొదలుపెడతాడు. కాని కూలివాడిగా పెట్టుకొమ్మన్న మాట వాడి నోట రానేరాదు. ఆలోపే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని దాసులను పిలుస్తాడు. పని చేసి బాకీ తీర్చుకుంటానన్న ఒప్పందానికి తండ్రి ఇంట్లో చోటు లేకపోయింది. అయితే కొడుకు లేచి రాకుండా ఈ కలయిక జరగలేదన్నదీ అంతే నిజం. పెద్దకొడుకు లోపలికి రానని అలిగి బయటే నిలబడ్డాడు. ఇన్నేళ్లు పాటుపడిన తనకు విందు లేదని అతని బాధ. వాడు లోపలికి వచ్చాడో లేదో ఉపమానం చెప్పకుండానే ముగుస్తుంది.

అదే సువార్త 19వ అధ్యాయంలో యెరికో పట్టణపు సుంకరుల పెద్ద జక్కయ్య కనిపిస్తాడు. పొట్టివాడు కావడంతో యేసును చూడడానికి మేడిచెట్టు ఎక్కాడు. యేసు తలెత్తి చూసి, ఈ రోజు నీ ఇంట్లో దిగుతానన్నాడు. జనం సణిగారు. జక్కయ్య నిలబడి, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానని చెప్పాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని యేసు ప్రకటించాడు. తానుగా ఒప్పుకున్నవాడు అసలుకు అయిదో వంతు కలిపి ఇస్తే మోషే ధర్మశాస్త్రం ప్రకారం సరిపోతుంది. నాలుగింతలన్నది గొర్రె దొంగకు వేసిన శిక్ష, దావీదు తీర్పులో వినబడిన లెక్క అదే. జక్కయ్య తన వృత్తిని దొంగతనంతో సమానంగా లెక్కకట్టుకున్నాడు. ఇక్కడ వరస ముఖ్యం. యేసు ఆ ఇంటికి వస్తాననడం ముందు, డబ్బు తిరిగి ఇస్తాననడం తర్వాత. డబ్బు ఇచ్చినందుకు యేసు రాలేదు. యేసు వచ్చాక డబ్బు పెట్టెలో నిలవలేదు.

డబ్బు తిరిగి ఇవ్వడమే మారుమనస్సా అంటే, కాదని యేసును పట్టిచ్చిన యూదా ఇస్కరియోతు కథ చెబుతుంది. యూదా కూడా తప్పు ఒప్పుకున్నాడు, ముప్పై వెండినాణేలు తిరిగి ఇచ్చేశాడు. అయితే అతను వెళ్లింది ప్రధానయాజకుల దగ్గరికి. దాంతో మాకేం పని అని వాళ్లు తోసేశారు. అతను ఒంటరిగా వెళ్లి ఉరిపెట్టుకున్నాడు. యేసును పట్టుకున్న రాత్రే శిష్యుడైన పేతురు ఆయనను ఎరగనని ముమ్మారు బొంకి, కోడికూత విని వెక్కివెక్కి ఏడ్చాడు. అతను తోటి శిష్యుల మధ్యే ఉండిపోయాడు. తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున యేసు అతన్ని ముమ్మారు ప్రశ్నించి, తన మందను అప్పగించాడు. పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రికలో రెండు రకాల దుఃఖాలను వేరుచేశాడు. దేవుని వైపు తిప్పే దుఃఖం రక్షణకు చేరుస్తుంది, లోకసంబంధమైన దుఃఖం మరణానికి చేరుస్తుంది. పేతురు, యూదాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా అర్థమవుతుంది. ఇక యేసు పక్కన సిలువ వేయబడిన దొంగకు తిరిగి ఇవ్వడానికి వస్తువూ లేదు, మారిన నడత చూపడానికి రోజూ లేదు. అతనికీ పరదైసు వాగ్దానం దొరికింది. నష్టపరిహారం రక్షణకు వెల అయ్యుంటే ఆ దొంగకు రక్షణ ఉండేది కాదు.

రక్షణ కృపచేత విశ్వాసం ద్వారా కలిగేదని, క్రియల వల్ల కాదని పౌలు ఎఫెసీయులకు రాశాడు. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు పత్రిక హెచ్చరించింది. ఈ రెంటినీ పోటీకి దించినవారు ఉన్నారు గాని, పౌలే ఆ మాట వెంటనే సత్క్రియల కోసమే మనుషులు క్రీస్తులో సృష్టించబడ్డారని చెప్పిన సంగతి మరిచిపోకూడదు.

తొలి సంఘానికి ఎదురైన కఠినమైన సమస్య బాప్తిస్మం తర్వాత చేసిన పాపం. క్రీస్తుశకం 250లో రోమా చక్రవర్తి డెసియస్ ప్రజలంతా దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞాపించాడు. ప్రాణభయంతో చాలామంది క్రైస్తవులు బలి అర్పించారు. కొందరు లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వాళ్లు కన్నీళ్లతో తిరిగి వచ్చారు. వారిని చేర్చుకునే అధికారం సంఘానికి లేదని రోమ్‌లో నొవేషియన్ పట్టుబట్టి వేరుకుంపటి పెట్టాడు. కార్తేజ్ బిషప్ సిప్రియన్, 251లో అక్కడ సమావేశమైన బిషప్‌లు, తగిన ప్రాయశ్చిత్తం తర్వాత చేర్చుకోవచ్చని నిర్ణయించారు. సంఘం నొవేషియన్ దారి పట్టకపోవడం ఎంతో మేలైంది. ఆ దారిలో పేతురుకే చోటు ఉండేది కాదు.

ఆ కాలపు ప్రాయశ్చిత్తం బహిరంగంగా జరిగేది. పాపి గోనె కట్టుకుని గుడి వాకిట నిలబడి లోపలికి వెళ్లేవారి ప్రార్థనలు వేడుకునేవాడు. ప్రభువు బల్లలో పాలు ఉండేది కాదు. కొన్నిసార్లు ఏళ్ల తరబడి అలాగే ఉండాలి. పైగా జీవితంలో ఒక్కసారే ఆ అవకాశం. దాంతో ఎంతోమంది బాప్తిస్మాన్నే మరణశయ్య దాకా వాయిదా వేసుకున్నారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో చనిపోయే ముందే బాప్తిస్మం తీసుకున్నాడు. ఈ పద్ధతికి ఒక ఘనత కూడా ఉంది. అది పెద్దలను వదిలిపెట్టలేదు. 390లో థెస్సలొనీకలో ఒక సైన్యాధికారిని జనం చంపినందుకు థియొడోసియస్ చక్రవర్తి సైనికులు వేలమందిని ఊచకోత కోశారు. మిలాన్ బిషప్ ఆంబ్రోస్, చక్రవర్తి ఉండగా తాను ప్రభువు బల్ల జరపలేనని లేఖ రాశాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసివేసి అందరి ఎదుట ప్రాయశ్చిత్తం చేశాకే సంఘం చేర్చుకుంది.

ఆంబ్రోస్ దగ్గర 387లో బాప్తిస్మం పొందిన అగస్టిన్, ఈ చర్చను మనిషి లోపలికి తీసుకువెళ్లాడు. పాపం మానాలని కోరుకుంటూనే మానలేని చిత్తం గురించి అతను రాసినంత నిజాయితీగా అంతకుముందు ఎవరూ రాయలేదు. మనిషి తన సంకల్పబలంతోనే పాపం లేకుండా బతకగలడన్న పెలాజియస్ వాదాన్ని అగస్టిన్ ఖండించాడు. 418లో కార్తేజ్ సభ ఆ వాదాన్ని తిరస్కరించింది. దేవుని వైపు తిరగాలన్న కోరిక సైతం కృప వల్లే కలుగుతుందన్నది అగస్టిన్ బోధ సారం.

ఐర్లండ్ సన్యాసులు ఆరు, ఏడు శతాబ్దాల్లో మరో పద్ధతి తెచ్చారు. గురువు దగ్గర ఏకాంతంగా పాపం చెప్పుకోవడం, ఎన్నిసార్లయినా చెప్పుకోగలగడం అందులో కొత్త. ఏ పాపానికి ఎన్నాళ్లు రొట్టె, నీళ్లతో ఉపవాసం ఉండాలో పుస్తకాలే తయారయ్యాయి. పడినవాడు మళ్లీ లేచే వీలు కలగడం దీనివల్ల జరిగిన మేలు. ఉపవాసాలను డబ్బుగా మార్చి లెక్కకట్టే అలవాటు రావడం జరిగిన కీడు. 1215లో నాలుగో లాటరన్ మహాసభ ప్రతి విశ్వాసి ఏడాదికి ఒక్కసారైనా గురువు వద్ద పాపసంకీర్తనం చేయాలని శాసించింది. పాపదోషం క్షమించబడినా దాని తాత్కాలిక శిక్ష మిగిలి ఉంటుందని, సంఘం తన పుణ్యనిధి నుంచి ఆ శిక్షను తగ్గించగలదని మరో సిద్ధాంతం పెరిగింది. పాపపరిహార పత్రాలకు ఆధారం అదే. సిద్ధాంతం ప్రకారం మనసారా పశ్చాత్తాపపడి పాపం ఒప్పుకున్నవారికే అవి పనికి వస్తాయి. సంతలో అమ్మేవాళ్లు ఆ షరతు చెప్పేవారు కాదు. రోమ్‌లో సెయింట్ పీటర్స్ దేవాలయ నిర్మాణానికి డబ్బు కావలసి వచ్చింది. మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బర్ట్‌కు పదవి కోసం చేసిన అప్పు తీర్చవలసి వచ్చింది. జర్మనీలో యోహాన్ టెట్జెల్ అమ్మకాలు అలా మొదలయ్యాయి.

ఈ అమ్మకాలకు వ్యతిరేకంగా మార్టిన్ లూథర్ 1517 అక్టోబరు 31న తన 95 వాదాంశాలు బయటపెట్టాడు. అంతకుముందు మఠంలో లూథర్ గంటల తరబడి పాపసంకీర్తనం చేసినా, ఏ పాపం మరిచిపోయానో అన్న భయం తీరని సన్యాసి. దేవుని క్షమాపణ తన దుఃఖం నాణ్యత మీద ఆధారపడితే ఎన్నటికీ నిబ్బరం ఉండదని అనుభవించి తెలుసుకున్నవాడు. మొదటి వాదాంశంలోనే విశ్వాసి జీవితమంతా మారుమనస్సే కావాలని అతను తేల్చాడు. పత్రాలకు పెట్టే డబ్బు బీదలకు ఇవ్వడం మేలని కూడా అదే జాబితాలో ఉంది. మనిషి నీతిమంతుడిగా తీర్చబడేది విశ్వాసం వల్ల మాత్రమేనన్న బోధ తర్వాతి ఏళ్లలో స్థిరపడింది. రోమన్ కథోలిక సంఘం ట్రెంట్ మహాసభలో జవాబిచ్చింది. 1547లో ఆ సభ కృప లేకుండా ఎవరూ నీతిమంతులు కాలేరని ఒప్పుకుంటూనే, మనిషి చిత్తం ఆ కృపతో సహకరించాలని చెప్పింది. 1551లో పశ్చాత్తాపం, పాపసంకీర్తనం, పరిహారం కలిసి ఒక దివ్యసంస్కారమని స్థిరపరచింది. 1567లో ఐదవ పయస్ పోపు రుసుముతో ముడిపడిన పాపపరిహార అనుమతులన్నీ రద్దు చేశాడు. తూర్పు ఆర్థొడాక్స్ సంఘాలు ఈ తగాదాలో పాలుపంచుకోలేదు. అక్కడ విశ్వాసి క్రీస్తు చిత్రపటం ముందు పాపం ఒప్పుకుంటాడు, గురువు పక్కన సాక్షిగా నిలుస్తాడు. పాపాన్ని నేరంగా కన్నా రోగంగా చూడడం వారి సంప్రదాయం.

ప్రొటెస్టంట్ సంఘాల్లో 18వ శతాబ్దపు ఉజ్జీవాలు మారుమనస్సును ఒక్క క్షణంలో కలిగే అనుభవంగా ప్రచారం చేశాయి. ఇంగ్లండ్ నావికుడు జాన్ న్యూటన్ జీవితం చూస్తే అది ఎంత నిదానంగా జరుగుతుందో తెలుస్తుంది. న్యూటన్ 1748లో అట్లాంటిక్ తుఫానులో మునిగిపోతున్న ఓడలో దేవునికి మొరపెట్టుకున్నాడు. తన విశ్వాస జీవితం ఆనాడే మొదలైందని నమ్మాడు. కాని ఆ తర్వాత కొన్నేళ్లు బానిసల ఓడలకు కెప్టెన్‌గా ఆఫ్రికా నుంచి మనుషులను తరలించాడు. 1754లో ఆ పని మానింది జబ్బు వల్ల. తర్వాత ఇంగ్లండ్ సంఘంలో గురువై కీర్తనలు రాశాడు. బానిసల వ్యాపారంలో తన పాలు ఒప్పుకుంటూ, ఓడల్లో తాను చూసిన ఘోరాలు వివరిస్తూ పుస్తకం ప్రచురించింది మాత్రం 1788లో. అంటే తుఫానుకు నలభై ఏళ్ల తర్వాత. పార్లమెంటులో ఆ వ్యాపార నిషేధం కోసం పోరాడిన విల్బర్‌ఫోర్స్‌కు న్యూటన్ అండగా నిలిచాడు. 1807లో చట్టం వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో న్యూటన్ కన్నుమూశాడు. పాపం ఒప్పుకోవడానికి ముందు అది పాపమని కనబడాలి. తన కాలమంతా మామూలుగా చూసినదాన్ని పాపంగా చూడడానికి ఆ మనిషికి అన్నేళ్లు పట్టింది.

తెలుగునేలపై ఈ ప్రశ్న ఒంగోలులో గట్టిగా ఎదురైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్, 1866లో బాప్తిస్మం తీసుకున్న మాదిగ నాయకుడు యర్రగుంట్ల పేరయ్య, మరెందరో తెలుగు బోధకులు అక్కడ పనిచేశారు. 1876–78 కరువులో క్లఫ్ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. తిండికోసం వచ్చారన్న మాట రాకూడదనీ, కోరిక నిజమో కాదో తేలాలనీ సహాయ పనులు ముగిసేదాకా ఆపాడు. కరువు తగ్గినా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి తెలుగు బోధకులే బాప్తిస్మమిచ్చారు. చేరినవారు ఆదివారం పని మానాలి, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహారాధన విడవాలి. గ్రామ జాతరల్లో డప్పు కొట్టనన్నందుకు, ఆదివారం పనికి రానన్నందుకు వాళ్లు ఊరి పెద్దల చేతిలో దెబ్బలు తిన్నారు. మారుమనస్సుకు గుర్తుగా ఇన్ని విడిచిపెట్టింది తరతరాలుగా అన్యాయానికి గురైనవారే. ఆ అన్యాయం చేసినవారి మారుమనస్సు సంగతేమిటని ఆనాటి బోధ పెద్దగా అడగలేదు. ఆ ప్రశ్నను 1980ల నుంచి అర్వింద్ నిర్మల్ మొదలైన దళిత వేదాంతులు సూటిగా అడిగారు. సంఘాల్లోనే మిగిలిన కులభేదం కూడా ఒప్పుకుని విడవవలసిన పాపమని వారు చెప్పారు.

వ్యక్తి పాపంతో పాటు సమూహం చేసిన పాపాన్ని ఒప్పుకోవడం 20వ శతాబ్దంలో సంఘాలు నేర్చుకున్న పాఠం. హిట్లర్ పాలనలో జర్మన్ పాస్టరు డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథంలో, మారుమనస్సు లేని క్షమాపణను బోధించే సంఘం కృపను చవకసరుకుగా మార్చిందని విమర్శించాడు. 1945 ఏప్రిల్‌లో ఆయనను ఉరితీశారు. ఆ ఏడాది అక్టోబరులో జర్మన్ ఎవాంజెలికల్ సంఘ నాయకులు స్టుట్‌గార్ట్‌లో తమ దోషాన్ని ఒప్పుకుంటూ ప్రకటన చేశారు. అందులో యూదుల ఊచకోత ప్రస్తావన లేకపోవడం పెద్ద లోటే. 2000 మార్చి 12న పోప్ రెండవ జాన్ పాల్ రోమ్‌లో, యూదుల పట్ల చేసినవాటితో సహా, సంఘ సభ్యులు చరిత్రలో చేసిన పాపాలకు దేవుని క్షమాపణ వేడుకున్నారు.

లూథర్ మొదలుపెట్టిన వివాదం కూడా ఈ మధ్యకాలంలోనే కొంత సమాధానానికి వచ్చింది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కథోలిక సంఘం ఉమ్మడి ప్రకటనపై సంతకం చేశాయి. మనిషిని దేవుడు అంగీకరించేది కృపచేతనే, క్రీస్తు రక్షణకార్యంపై విశ్వాసం వల్లనే, మనిషి పుణ్యం చూసి కాదని, ఆ కృపే అతన్ని సత్క్రియలకు నడిపిస్తుందని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్‌డ్ సంఘాల ప్రపంచ సమాఖ్య ఆ ప్రకటనలో చేరారు. పాపసంకీర్తనం దివ్యసంస్కారమా కాదా, పాపపరిహార ఫలాలు ఇచ్చే అధికారం సంఘానికి ఉందా లేదా అన్న విషయాల్లో మాత్రం కథోలిక, ప్రొటెస్టంట్ సంఘాల మధ్య భేదం ఇంకా అలాగే ఉంది.